కుట్లు విప్పేదాకా

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పెంపుడు జంతువుల ఆపరేషన్ల చుట్టూనే తిరిగాయి. అన్నిటి వెనకా ఒకటే గుబులు కనిపించింది: మూగజీవం, నోరు విప్పి చెప్పుకోలేదు, మనమే ఏదో ఒకటి చేయాలి కదా అని. డాక్టరు కత్తి దగ్గర కన్నా ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే ఎక్కువ పనులు చెడుతున్నాయి. అందుకే ఈ నెల జవాబుల్లో ‘చేయకండి’ అన్న మాట కాస్త ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రశ్న: మా లాబ్రడార్ ఆడకుక్కకు 14 నెలలు, బరువు 26 కిలోలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని వచ్చే వారానికి తేదీ తీసుకున్నాం. ఎద ముగిసి మూడు వారాలైంది. ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. మా అత్తగారేమో ‘బిడ్డను పస్తు పడుకోబెడతారా, కాసిన్ని పాలన్నా పోయండి’ అంటున్నారు. పోయొచ్చా? ఇంకా ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: పాలు వద్దు. మత్తు ఎక్కాక మింగడం, దగ్గడం రెండూ ఆగిపోతాయి. కడుపులో ఏమన్నా ఉండి పైకి తన్నిందంటే అది గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆ న్యుమోనియా ప్రాణం మీదికి తెస్తుంది. మత్తుకు ముందు చాలాచోట్ల ఇచ్చే జైలజిన్ సూదికి వాంతి రావడం మామూలే, కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి జరిగే సంగతి అనుకోకండి. పాలు చూడ్డానికి నీళ్ళలా ఉన్నా కడుపులోకి వెళ్ళాక విరిగి గడ్డకడతాయి. లెక్కకు అవి తిండే.

ఉదయం 9కి ఆపరేషన్ అనుకుంటే ముందు రాత్రి 9 లోపల మామూలులో సగం తిండి పెట్టి గిన్నె తీసేయండి. పెరుగన్నం చాలు. సంగటి ముద్దలో మాంసం పులుసు కలిపి పెట్టే అలవాటుంటే ఆ రాత్రికి మానండి, కొవ్వున్న తిండి కడుపులోంచి త్వరగా దిగదు. నీళ్ళు మాత్రం ఉదయం 7 దాకా ఉంచండి. రాత్రంతా నీళ్ళు కూడా ఆపేస్తే మన ఎండలకు ఒంట్లో నీరు తగ్గి, మత్తులో రక్తపోటు పడిపోతుంది. ఇదంతా పెద్ద కుక్కల లెక్క. నాలుగు నెలల లోపు పిల్లలకు 2 నుంచి 4 గంటల ఖాళీ కడుపు చాలు, అంతకు మించితే వాటికి రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇంట్లో ఎవరన్నా జాలిపడి తెల్లారి బిస్కెట్ పెట్టేశారే అనుకోండి, ఆ మాట డాక్టరుకు చెప్పేయండి. ఒక రోజు వాయిదా పడితే పోయేదేమీ లేదు, దాస్తేనే ప్రమాదం.

అయితే మీ ఉత్తరంలో పాల కన్నా పెద్ద విషయం ఎద. ముగిసి మూడు వారాలే అయిందంటే గర్భసంచికి వెళ్ళే రక్తనాళాలు ఇంకా ఉబ్బే ఉంటాయి, కోతలో రక్తం ఎక్కువ పోతుంది. ఇంకో రెండు నెలలు ఆగడం మంచిది. ఇప్పుడే తీసేస్తే హార్మోను ఒక్కసారిగా పడిపోయి, కడుపు లేకుండానే పాలు దిగి, చెప్పులూ బొమ్మలూ పోగేసుకుని పిల్లల్లా కాపలా కాసే కుక్కలూ ఉంటాయి. మీ డాక్టరుకు ఎద తేదీ చెప్పారో లేదో ఉత్తరంలో రాయలేదు. చెప్పకపోయి ఉంటే ఈ రోజే ఫోన్ చేయండి.

ఈ రెండు నెలల్లో చేయాల్సిన పని ఒకటుంది. పిడుదులనండి, గోమార్లనండి, మన వైపు వాటి బెడద లేని కుక్క అరుదు. అవి కుట్టి అంటించే ఎర్లిచియా జ్వరం పైకి ఏమీ కనబడకుండా నెలల తరబడి ఒంట్లో దాక్కుంటుంది. కుక్క తింటుంది, ఆడుతుంది, కానీ రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గిపోయి ఉంటాయి. కోత పెట్టాక రక్తం గడ్డకట్టదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మైక్రోలీటరుకు 2 లక్షలకు పైనే ఉండాలి. లక్ష లోపు వస్తే సాధారణంగా ఆపరేషన్ వాయిదా వేసి, డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడించి, మళ్ళీ పరీక్ష చేస్తారు. కాబట్టి రక్తపరీక్ష రాయించుకునేటప్పుడు ప్లేట్‌లెట్ల లెక్క, రక్తపు స్మియర్ (రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి చూసేది), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), కాలేయ పరీక్ష నాలుగూ అడగండి. ‘చిన్న ఆపరేషనే కదా, పరీక్షలెందుకు’ అని డబ్బు మిగుల్చుకునే చోటు ఇది కాదు.

స్నానం ఒక రోజు ముందే చేయించండి, తర్వాత రెండు వారాలు కుదరదు. వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్ళండి. ఫిట్స్ మాత్రలుంటే డాక్టరు మానమని చెబితే తప్ప మానకండి. ఉదయం బయల్దేరే ముందు మూత్రానికి తిప్పండి.

ఇంటికి తెచ్చిన రాత్రి మంచం మీదో సోఫా మీదో పడుకోబెట్టకండి, మత్తు దిగని కుక్క తూలి కింద పడుతుంది. నేల మీద దుప్పటి పరిచి పక్కకు పడుకోబెట్టి, మెడ చాచి ఉండేలా చూడండి. మత్తులో ఉన్న ఒంటికి తన వేడి తాను కాపాడుకోవడం రాదు. పలమనేరు చలిలోనైతే వణికి చల్లబడుతుంది, రోహిణి కార్తెలో తిరుపతి రేకుల షెడ్డులోనైతే వేడెక్కిపోతుంది. ఆసన ఉష్ణోగ్రత 99 ఫారన్‌హీట్‌కు తగ్గితే దుప్పటి కప్పి, వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి. సీసాను నేరుగా ఒంటికి ఆనిస్తే చర్మం కాలినా అది పక్కకు జరగలేదు. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. తెల్లబడితే లోపల రక్తం పోతోందేమో అని అనుమానించి, ఆ రాత్రే తీసుకెళ్ళండి. మూలగడం, కంటి మూలన తెల్లటి పొర కనబడటం, మత్తులో గొంతులో గొట్టం పెట్టినందువల్ల ఒకటి రెండు రోజులు దగ్గడం మామూలే.

తల నిలబెట్టి సరిగ్గా నడిచాకే నీళ్ళు, అదీ నాలుగైదు చెంచాలు. వాంతి కాకపోతే గంట తర్వాత పావు వంతు తిండి. 24 గంటల్లోపు మూత్రం పోయాలి. విరేచనం రెండు మూడు రోజులు కాకపోయినా కంగారు అక్కర్లేదు, కడుపు ఖాళీగానే ఉంది కదా.

ప్రశ్న: అయ్యా, మా కుక్కపిల్లకి అయిదు నెలలు, నాటుదే. మోటారుసైకిలు తగిలి ఎనక కాలు తొడ కాడ ఇరిగిపోయింది. మనుషులకి పుత్తూరు కట్టు కడితే అతుక్కుంటా ఉండాది గదా, దీన్నీ ఆడికే తీసకపోదామని మా ఇంట్లో అంటా ఉండారు. డాక్టరు లోపల కమ్మి ఏయాలంటా ఉండాడు. ఏది మేలు?
– చంద్రగిరి దగ్గర పల్లె నుంచి ఒక రైతు

జవాబు: పుత్తూరు కట్టు పేరు ఎరగని ఇల్లు మన వైపు ఉండదు. మందు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. ఆ కట్టయినా ఆసుపత్రి పిండికట్టయినా పనిచేసే సూత్రం ఒకటే: విరిగిన చోటికి పైకీలు, కింది కీలు రెండూ కదలకుండా ఉండాలి. కుక్క ముంగాలి కింది భాగం విరిగితే మోచేయి, మణికట్టు రెంటినీ కలిపి కట్టొచ్చు. తొడ ఎముకకు పైకీలు తుంటి. కుక్క తుంటిని కదలకుండా కట్టే కట్టు లేదు. కట్టు బరువంతా విరిగిన చోట వేలాడి, ఎముక ముక్కలు ఇంకా దూరమవుతాయి.

పిల్లకు ఇంకో ముప్పు కూడా ఉంది. ఎదిగే వయసులో తొడ విరిగి, కాలు చాచి వారాల తరబడి కట్టేస్తే తొడ ముందరి కండరం ఎముకకు అతుక్కుపోతుంది. కట్టు విప్పాక మోకాలు ముడవదు, కాలు కట్టెలా నిలిచిపోతుంది. దాన్ని తిరిగి వంచడం దాదాపు కుదరని పని. కాబట్టి ఈ ఎముకకు కట్టు వద్దు, డాక్టరు చెప్పిన కమ్మే మేలు. తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే, అక్కడ చూపించండి. ఆలస్యం చేయకండి. ఈ వయసులో ఎముక ఎంత త్వరగా అతుక్కుంటుందో, వంకరగా ఉంటే అంత త్వరగా వంకరగానే అతుక్కుంటుంది. వారం దాటితే సరిచేయడం కష్టమవుతుంది.

అలాగని తెచ్చిన గంటలోనే కోయమని డాక్టరును తొందరపెట్టకండి. బండి తగిలిన కుక్కకు కాలు పైకి కనిపించే దెబ్బ మాత్రమే. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరి ఉండొచ్చు, ఛాతీకీ కడుపుకీ మధ్యనుండే పొర (ఉదరవితానం) చిరిగి ఉండొచ్చు, మూత్రాశయం పగిలి ఉండొచ్చు. అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి, మూత్రం పోస్తోందో లేదో చూసి, సెలైన్ ఎక్కించి, ఒకటి రెండు రోజులు నిలదొక్కుకున్నాక మత్తిస్తారు. ఈ లోపల పిల్లను చెక్క మీదో గట్టి అట్ట మీదో పడుకోబెట్టి ఎత్తండి. నొప్పికి ఎంత మచ్చికైన కుక్కయినా కరుస్తుంది. వాంతులు, ఆయాసం లేకపోతేనే మూతికి మెత్తటి గుడ్డ కట్టండి. పన్ను దిగితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, మీరు రేబిస్ టీకాకు వెళ్ళండి.

కమ్మి వేశాక అసలు కష్టం మీది. మూడో రోజుకు నొప్పి తగ్గి పిల్ల పరిగెత్తబోతుంది, కమ్మి జారేదీ వంగేదీ అప్పుడే. నాలుగు వారాలు గంప కిందో చిన్న గదిలోనో ఉంచండి. నున్నటి బండలున్న ఇల్లయితే గోనెపట్టాలు పరవండి. మూత్రానికి తాడు కట్టి అయిదు నిమిషాలు తిప్పి తేవాలి. డాక్టరు సరేనన్న రోజు నుంచి పిల్లను పక్కకు పడుకోబెట్టి మోకాలిని నెమ్మదిగా ముడిచి చాచండి, పూటకు 10 సార్లు, రోజుకు మూడు పూటలు. నొప్పిపడితే అక్కడికి ఆపేయాలి. నాలుగో వారంలో ఎక్స్‌రే తీసి, అతుక్కుందని తేలాకే కమ్మి తీస్తారు.

ఇది చదివే వారిలో ముంగాలికి కట్టు వేయించుకున్నవారూ ఉంటారు, వారికొక మాట. కట్టు చివర నడిమి రెండు వేళ్ళు బయటికి వదిలారంటే ఊరికే వదల్లేదు. రోజుకు రెండుసార్లు వాటిని చూడండి. రెండు గోళ్ళూ దగ్గరగా, సమానంగా ఉండాలి. ఎడంగా విచ్చుకుంటే లోపల వాచింది, కట్టు బిగుసుకుంటోంది. వేళ్ళు చల్లబడినా, కంపు కొట్టినా తెల్లారేదాకా ఆగకండి. కాలు కుళ్ళి తీసేయాల్సి వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఎముక విరగడం కన్నా బిగుసుకున్న కట్టే చేటు చేసింది. పొమ్మేరియన్ లాంటి చిన్న జాతుల ముంగాలి ఎముకకు కింది భాగంలో రక్తప్రసారం తక్కువ, కట్టుతో చాలాసార్లు అతుక్కోదు. వాటికి ప్లేటు గురించి ముందే అడగండి.

ప్రశ్న: మా పొమ్మేరియన్ ఆడది, ఏడేళ్ళు, ఏడు కిలోలు. ఆరు వారాల కిందట ఎదకు వచ్చి పోయింది. వారం నుంచి రోజుకు లీటరు దాకా నీళ్ళు తాగుతోంది, తిండి మానేసింది, రెండుసార్లు కక్కింది. ఎండలకే అనుకున్నాం. స్కానింగులో గర్భసంచిలో చీము ఉందని, వెంటనే తీసేయాలని అంటున్నారు. కింద నుంచి చీమేమీ కారడం లేదు. మందులతో తగ్గదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చీము కారకపోవడమే భయపడాల్సిన సంగతి. గర్భసంచి మూతి మూసుకుపోయి, చీమంతా లోపలే చేరుతోంది. సంచి పగిలితే కడుపంతా విషమే. ఎద పోయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య, పిల్లలు పెట్టని నడివయసు ఆడకుక్కకు నీళ్ళ దాహం పెరిగితే ముందు దీన్నే అనుమానించాలి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది ఎండ దాహం కాదు. మీ దానికి 700 మిల్లీలీటర్లే హద్దు. చీములోని విషం మూత్రపిండాల మీద పడి, నీటిని పట్టి ఉంచే శక్తి పోవడం వల్ల వచ్చే దాహమది.

యాంటీబయాటిక్ ఒక్కటే వాడితే రెండు రోజులు తేరుకున్నట్టు కనిపించి మళ్ళీ కూలబడుతుంది. సెలైన్, యాంటీబయాటిక్ కొన్ని గంటలు ఎక్కించి, ఆ వెంటనే ఆపరేషన్ చేయడమే దారి. ఇక్కడ ఎద తర్వాత ఆగాలన్న లెక్క, పూర్తి ఉపవాసం లెక్క వర్తించవు. ఆపరేషన్ తర్వాత మూడు రోజులు మూత్రం ఎంత పోస్తోందో రాసిపెట్టండి, మూత్రపిండాలు కోలుకున్నాయో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. ఎద రాకుండా సూదులు వేయించే అలవాటున్నవారు ఆ సూదులే ఈ జబ్బును తెచ్చిపెడతాయని తెలుసుకోవాలి.

ప్రశ్న: ఆడకుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి అయిదు రోజులైంది. మెడకు పెట్టిన ప్లాస్టిక్ గరాటుతో గోడలకు గుద్దుకుంటూ ఉంటే చూడలేక తీసేశాం. కుట్ల కింద నిమ్మకాయంత వాపు వచ్చింది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తున్నాం. నొప్పికి మా ఇంట్లో ఉన్న మెలాక్సికామ్ మాత్ర ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మాత్ర ఇవ్వకండి. మనుషుల మెలాక్సికామ్ 7.5, 15 మిల్లీగ్రాముల్లో వస్తుంది. పది కిలోల కుక్కకు మొదటి రోజు 2, తర్వాత రోజుకు 1 మిల్లీగ్రామే మోతాదు. ఒక్క మాత్రతో వారం నుంచి రెండు వారాల మందు ఒక్కసారే పడి, కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అసలే వద్దు.

గరాటు ఈ రోజే తిరిగి పెట్టండి. కుక్క నాలుక గాయాన్ని మాన్పుతుందన్న నమ్మకం కుట్ల విషయంలో పనికిరాదు. అది నాకడంతో ఆగదు, ముందుపళ్ళతో దారం పీకుతుంది. అయిదు నిమిషాలు ఎవరూ చూడకపోతే చాలు. గరాటు ముక్కు కొస కన్నా రెండు అంగుళాలు ముందుకు ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. దొరక్కపోతే పాత ఎక్స్‌రే ఫిల్మును శంకువులా చుట్టి, అంచులకు ప్లాస్టరు అంటించినా పనిచేస్తుంది. నీళ్ళ గిన్నెను ఇటుక మీద పెడితే తాగగలదు. రెండో రోజుకు గోడలకు గుద్దుకోవడం తగ్గుతుంది, కుట్లు విప్పే 10 నుంచి 14 రోజుల దాకా తీయకండి. మరీ భరించలేనిదైతే పిల్లల బనియన్ తొడిగి తోకకు కన్నం పెట్టొచ్చు, కానీ తడిస్తే వెంటనే మార్చాలి.

నూనె, పసుపు మానండి. పొడి గడ్డకట్టి అట్టలా పేరుకుంటే కింద చీము పట్టినా కనబడదు, నూనెకు దుమ్ము పట్టుకుంటుంది. పొడిగా ఉన్న కుట్టుకు ఏ మందూ అక్కర్లేదు. ఈగలు వాలే కాలంలో మాత్రం పశువుల డాక్టరు ఇచ్చే స్ప్రే వాడాలి. వానల్లో రెండు రోజులు ఏమరిస్తే పురుగులు పడతాయి. అప్పుడు టర్పెంటైన్ పోసే వారున్నారు, అది పచ్చి గాయాన్ని కాలుస్తుంది.

ఇక వాపు. మెత్తగా, నొప్పి లేకుండా, కుట్లు పొడిగా ఉంటే అది ఎక్కువగా చర్మం కింద చేరిన నీరే. కుక్క గెంతితే లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి రాసుకుని నీరు ఊరుతుంది. పిండకండి, సూదితో తీయించకండి, సూదితోపాటు క్రిములూ దిగుతాయి. కట్టేసి ఉంచితే రెండు మూడు వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. కానీ వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తున్నా, రోజురోజుకీ పెరుగుతున్నా లోపలి కండరపు కుట్టు తెగిందని అర్థం. వేడిగా, ఎర్రగా ఉండి చీము కారినా, జ్వరం 103 దాటినా డాక్టరుకు చూపించాలి. ఖర్మకాలి కుట్టు విచ్చుకుని పేగు కనబడితే లోపలికి తోయకండి, శుభ్రమైన గుడ్డను కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలో తడిపి కప్పి, గరాటు పెట్టి, ఆటో ఎక్కండి. మీరు ఈ రోజే ఒకసారి వాపు చూపించి రండి, ఇన్నాళ్ళూ గరాటు లేకుండా ఉంది కదా.

తిండి విషయం అడగలేదు గానీ చెబుతున్నాం: కోలుకోవాలని కోడి ఎముకలు, ఉల్లిపాయ వేసిన సాంబారన్నం పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్త కణాలను పగలగొడతాయి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం, గుడ్డు చాలు.

ప్రశ్న: మగపిల్లికి వృషణాలు తీయించాం. కుట్లే వేయలేదు, మర్చిపోయారా? కాస్త వెచ్చగా ఉంది, పిల్లల పారాసిటమాల్ సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: మర్చిపోలేదు, మగపిల్లికి ఆ చిన్న కోతను తెరిచే వదిలేస్తారు. రెండు మూడు రోజుల్లో అదే మూసుకుంటుంది. వారం పాటు మూత్రం పోసే డబ్బాలో ఇసుకకు బదులు చింపిన కాగితం వేయండి, ఇసుక రేణువులు గాయంలో చేరతాయి. ఇల్లు ఫినాయిల్‌తో తుడవకండి, పాదాలకు అంటినది నాకి పిల్లి విషం తింటుంది.

పారాసిటమాల్ చుక్క కూడా వద్దు. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలినంత ఉండదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వచ్చి చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే లక్షణాల కోసం చూడకుండా బయల్దేరండి. ఒక రోజుకు పైగా ఏమీ తినకపోయినా చూపించాలి, పస్తున్న పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. డాక్టరు మాత్ర ఇస్తే, ముఖ్యంగా డాక్సీసైక్లిన్, మింగించిన వెంటనే సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్ళు తాగించండి, లేకపోతే అది అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. ఇంకో సంగతి, ఆపరేషన్ అయ్యాక కూడా నెల దాకా దాని వల్ల కడుపు రావచ్చు. ఇంట్లో ఆడపిల్లి ఉంటే వేరుగా ఉంచండి.

ప్రశ్న: కుందేలుకు పంటి ఆపరేషన్. దానికీ ముందు రాత్రి నుంచి పస్తేనా?
– ఒక విద్యార్థిని, తిరుచానూరు

జవాబు: కాదు. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తుతో లాభం లేదు, పైగా పేగుల కదలిక ఆగిపోతుంది. ఆసుపత్రికి వెళ్ళేదాకా గడ్డి ముందే ఉంచండి. మత్తుకు కాసేపటి ముందు నోట్లో మిగిలిన తిండి తుడిచేస్తే చాలు. తిరిగొచ్చేటప్పుడు పెట్టడానికి దానికి ఇష్టమైన ఆకు, కొత్తిమీరో గరికో, సంచిలో పెట్టుకెళ్ళండి. ఇంటికొచ్చిన 12 గంటల్లోపు తినడం, పెంటికలు వేయడం మొదలుపెట్టకపోతే మళ్ళీ తీసుకెళ్ళాలి.